గోలీల మేడం చూసిన కడుపునొప్పులు

ఫార్మసిస్టు ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. "మేడం, చీటీ చూసి గోలీలు ఇవ్వడమే కదా, అందులో నేర్చుకోవడానికి ఏముంటుంది?" అని. నిజమే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చేసింది చీటీ చూసి గోలీలు ఇవ్వడమే. నాగర్‌కర్నూల్‌లో మొదలుపెట్టాను, గద్వాల పక్కన కొన్నేళ్ళున్నాను, వనపర్తిలో ముగించాను. ప్రమోషన్ల సంగతీ రిజిస్టర్ల సంగతీ ఇక్కడ రాయను. అవి ఎవరూ చెప్పకుండానే మీ మెడకు చుట్టుకుంటాయి.

నేను రాయాలనుకున్నది మందుల గది కిటికీ దగ్గర చూసిన పిల్లల గురించి. ఆ కిటికీ అరుగు పెద్దవాళ్ళ ఛాతీ ఎత్తున కడతారు. పెద్దవాళ్ళు వస్తే ముఖం కనిపిస్తుంది. పిల్లలు వస్తే రెండు చేతులు, వాటి మధ్య నలిగిన ఓపీ చీటీ, అంతే. ముఖం చూడాలంటే మనం కుర్చీలోంచి లేచి ముందుకు వంగాలి. వరుస వాకిలి దాటిన రోజున ఎవరు లేస్తారు? అందుకని చాలామంది పిల్లలు నాకు చేతులుగానే తెలుసు. మట్టి చేతులు, వేరుశనగ పొట్టు అంటిన చేతులు, సగం పండిన గోరింటాకు చేతులు. కొన్ని చేతులకు గోళ్ళు ఉండేవి కావు. కొరికి కొరికి వేలి చివర ఎర్రటి మాంసం కనిపించేది. కొన్ని చేతుల్లోంచి చీటీ తడిసిపోయి వచ్చేది, డాక్టరు రాత అలికినట్టయ్యేది. "చీటీ నీళ్ళల్ల ముంచినవా ఏంది?" అని కసిరేదాన్ని. ఎందుకు తడిసిందని మాత్రం అడిగేదాన్ని కాదు.

వేలు కొరికిన శ్రీశైలం

నాగర్‌కర్నూల్‌లో ఉన్నప్పుడు బడులకు వెళ్ళి నులిపురుగుల గోలీలు వేసేవాళ్ళం. నేనూ, మా ఏఎన్‌ఎం రాములమ్మా. నమిలే గోలీ, కొంచెం తియ్యగానే ఉంటుంది. పిల్లలు వరుసలో నిలబడి నవ్వుకుంటూ తినేవాళ్ళు. ఒక బడిలో రెండో తరగతి పిల్లవాడు, శ్రీశైలం అని, పేరు కొండంత, మనిషి గుప్పెడంత, నోరు తెరవలేదు. బతిమాలాం. బెదిరించాం. చివరికి రాములమ్మ వెనక నుంచి చేతులు పట్టుకుంది, నేను బుగ్గలు నొక్కి గోలీని వేలితో లోపలికి తోశాను. వాడు గోలీని వదిలేసి నా వేలు కొరికాడు. మామూలుగా కాదు, రక్తం వచ్చేలా. పైగా రాములమ్మ మోకాలి మీద ఒక్క తన్ను తన్ని గోడ దూకి పోయాడు.

"రౌడీ పోరడు మేడం! పెద్దగైతే లీడరైతడు" అంది రాములమ్మ.

ఆ సాయంత్రం టీటీ సూది నాకు పడింది. వేసింది రాములమ్మే, పడీపడీ నవ్వుతూ.

మర్నాడు వాళ్ళమ్మ ఒక సంచెడు పచ్చి వేరుశనగ కాయలు పట్టుకొని దవాఖానకు వచ్చింది. "తప్పు పట్టుకోకు మేడం. పోయినేడు కుక్క కరిసింది వానికి. నొప్పి ఉండదు బిడ్డా అని చెప్పి, నలుగురు గట్టిగ పట్టుకొని సూదులేసిన్రు. అప్పటి సంది తెల్లకోటు కనపడితే గిట్లనే జేస్తడు. ఇంట్ల ఒక్కనాడు ఎవ్వరిని కొట్టడు."

నేను వేరుశనగ ఉడకబెట్టించి అందరికీ పెట్టాను, ఆ తల్లి మాట మాత్రం మరిచిపోయాను. ఆమె నాకు ఉద్యోగంలో మొదటి పాఠం చెప్పి పోయింది. పిల్లల భయం ఎప్పుడూ ఏడుపులాగే ఉండదు, ఒక్కోసారి తన్నులాగా, కాటులాగా ఉంటుంది. అది నాకు ఎక్కడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది.

తొమ్మిదిన్నర కడుపునొప్పి

తర్వాత నన్ను ధరూర్ వైపు ఒక ఊరి ఆరోగ్య కేంద్రానికి మార్చారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు అవి. గద్వాలలో గది అద్దెకు తీసుకొని రోజూ షేర్ ఆటోలో వెళ్ళి వచ్చేదాన్ని. ఇంటాయన ఉద్యోగం వనపర్తిలో. నాలుగేళ్ళ మా బాబు అక్కడే మా అమ్మ దగ్గర ఉండేవాడు.

అక్కడ మా డాక్టరు రఘునాథ్ గారు. నాకు దొరికిన పై అధికారులందరిలో నాకు పనికొచ్చినవాడు ఆయనొక్కడే అని చెప్పడానికి ఇప్పుడు నాకు భయం లేదు. బల్ల సొరుగులో వేయించిన పల్లీలు ఉంచుకొని రోజంతా నములుతూ ఉండేవాడు. పిల్లలు వస్తే ముందు వాళ్ళకు నాలుగు పెట్టేవాడు. తిన్నారా లేదా అని చూసేవాడు. అది కూడా పరీక్షేనని నాకు తర్వాత తెలిసింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో జములమ్మ అనే తొమ్మిదేళ్ళ పిల్ల రావడం మొదలుపెట్టింది. వాళ్ళ అవ్వ చెయ్యి పట్టుకొని లాక్కొచ్చేది. సరిగ్గా తొమ్మిదిన్నరకు, అంటే బడి గంట కొట్టే వేళకు.

"కడుపుల నొస్తుందట సార్. నిన్న నొచ్చింది, మొన్న నొచ్చింది. పొద్దుగాల రొట్టె తిన్నది మంచిగనే. బడి పేరు చెప్తే సాలు, పొట్ట పట్టుకొని కూసుంటది" అంది అవ్వ.

డాక్టరు ముందు కడుపు నొక్కి చూశాడు, జ్వరం చూశాడు, మూత్రం పరీక్ష చేయించాడు. ఏమీ లేదు. అప్పుడు ఆ పిల్లను అడిగాడు. "నొప్పి ఎప్పుడొస్తదో మీ అవ్వ చెప్పింది. ఎప్పుడు రాదో నువ్వు చెప్పు."

జములమ్మ తలెత్తి ఆయన్ను చూసింది. ఆ ప్రశ్న ఆమెనెవరూ అడిగి ఉండరు. "ఐతారం రాదు. చేన్ల రాదు" అంది.

వాళ్ళమ్మ గోవిందమ్మ పత్తి విత్తనాల చేలో క్రాసింగ్ పనికి పోయేది. మగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు రాసే పని, రోజంతా వంగే ఉండాలి. సెలవు రోజుల్లో జములమ్మ కూడా తల్లి వెంట పోయేది. ఆ వయసు పిల్లలు ఆ చేలల్లో ఉండటం వేరే కథ, వేరే బాధ. "బడంటే బద్దకం సార్ దీనికి" అంది అవ్వ.

"బద్దకమైతే చేన్ల రావాలె గద అవ్వా నొప్పి. ఎండల వంగి పని చేస్తే రానిది, నీడల కూసుంటే ఎందుకొస్తది? రేపు వాళ్ళమ్మను తోల్కరా" అన్నాడు డాక్టరు.

కానీ మర్నాటి నుంచి వారం రోజుల శిక్షణకు మహబూబ్‌నగర్ రమ్మని ఆ సాయంత్రమే ఆయనకు కబురొచ్చింది. తల్లి రాలేదు, కూలి పోతుందని. అవ్వా మనవరాలూ మాత్రం తొమ్మిదిన్నరకు వచ్చారు. నేనున్నాను కదా అని నా దగ్గరకు వచ్చారు.

మా దగ్గర గులాబీ రంగు కడుపు మందు ఒకటి ఉండేది, తియ్యటి సిరప్. జములమ్మను లోపలికి పిలిచి, పక్కన నిలబెట్టుకొని, మూతతో కొలిచి తాగించాను. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. మూడో రోజు నాకు తెలివి పొంగింది. ఐదు నిమిషాల్లో తగ్గే నొప్పి నొప్పేంది? పిల్ల సిరప్‌కు మరిగింది, బడి ఎగ్గొట్టడం మరిగింది!

"అవ్వా, దీనికి ఏం నొప్పి లేదు. నాటకం. రేపటి సంది తోల్కరాకు, సీదా బడికి గుంజకపో" అన్నాను. వరుసలో ఉన్నవాళ్ళంతా విని నవ్వారు. నేనూ నవ్వాను. జములమ్మ మాత్రం నేల చూస్తూ తన బొటనవేలు కొరుక్కుంటూ నిలబడింది.

గద్వాల బస్టాండులో

మర్నాడు తొమ్మిదిన్నరకు ఎవరూ రాలేదు. నా వైద్యం పనిచేసిందని సంతోషించాను.

ఆ సాయంత్రం రోజూలాగే ఆటోలో గద్వాల వచ్చి బస్టాండు దగ్గర దిగాను. రాయచూరు పోయే బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఒక పిల్ల ఆ బస్సు చక్రం మీద కాలు పెట్టి, కిటికీ చువ్వలు పట్టుకొని పైకి లేచి లోపలికి తొంగి చూస్తోంది. దిగుతోంది, పక్క కిటికీ దగ్గరకు పోయి మళ్ళీ ఎక్కుతోంది. ఒంటి మీద బడి బట్టలు. చువ్వలు పట్టుకున్న చేతులు చూశాను. గోళ్ళు లేని వేళ్ళు.

"జములమ్మా! ఈడేం జేస్తున్నవే?"

కిందికి దిగింది. తప్పు చేసినట్టు లేదు ముఖం, తొందరలో ఉన్నట్టు ఉంది. "చూస్తున్న మేడం."

"ఏం చూస్తున్నవు?"

"మా అమ్మ ఉందేమోనని."

"మీ అమ్మ చేన్ల ఉంటది గద."

"లేదు. ఇంటికి తాళం ఉంది."

కండక్టరు కిందికి దిగి వచ్చాడు. "మీ పాపనా మేడం? ఇది మూడో బస్సు. రాయచూరు బస్సు వచ్చిందంటే సాలు, అన్ని కిటికీలు ఎక్కి చూస్తది. అడిగితే ఏం చెప్పదు" అన్నాడు.

పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి తడిగుడ్డలాగా ఉంది. కొంచెం కొంచెంగా చెప్పింది. కిందటి ఏడు ఇదే రోజుల్లో, చేలో పువ్వు అయిపోగానే, అమ్మానాన్నలు మేస్త్రీ వెంట పుణె పనికి పోయారు. ఆమె బడిలో ఉన్నప్పుడు, వేరే ఇంట్లో ఉండే అవ్వకు ఆమెను వదిలేసి పోయారు. ఆమె ఇంటికి వచ్చేసరికి తాళం ఉంది.

"అంగడికి పోయిన్రు, వస్తరు అన్నది అవ్వ. తెల్లారి అడిగితే వస్తరు అన్నది. చానా దినాలు వస్తరు వస్తరు అన్నది. రాయచూరు బస్సెక్కి పోయిన్రని పక్కింటోళ్ళు చెప్పిన్రు." బస్సు వైపు చూస్తూ అంది, "ఇప్పుడు గూడ పువ్వు అయిపోతున్నది మేడం. బడిల కూసుంటే కడుపుల గుడగుడ అంటది. ఇంటికి పోయి చూసొస్తే తగ్గుతది."

ఆరోజు మధ్యాహ్నం అన్నం గంటకు ఇంటికి పోయి చూసింది. తాళం ఉంది. తల్లి చేలోనే ఉంది, కానీ ఆ పిల్లకు తాళమే కనిపించింది. రోడ్డు మీదికి వచ్చి, ఎవరిదో ఆటోలో ఆడవాళ్ళ మధ్య ఇరుక్కొని గద్వాల చేరింది. అక్కడి నుంచి బస్సుల కిటికీలు చూస్తూ ఉంది.

నేను నాటకమన్నది దీన్ని.

పొద్దుట్నుంచి ఏమీ తినలేదంటే మిరపకాయ బజ్జీలు ఇప్పించాను. నాలుగు తింది. కారానికి ముక్కు కారుతుంటే నవ్వింది. ఇద్దరం ఆటో ఎక్కాం.

ఊరి మలుపు దగ్గరే జనం గుమిగూడి ఉన్నారు. బడి పంతులు సత్తయ్య సారు సైకిలు పట్టుకొని నిలబడి ఉన్నాడు, ముఖంలో నెత్తురు లేదు. గోవిందమ్మ చేలోంచి అట్లాగే పరుగెత్తుకొచ్చినట్టుంది, కాళ్ళకు చెప్పులు లేవు. ఆటో ఆగకముందే పిల్లను లాగి వీపు మీద ఒక్కటి వేసింది. వేసి, అక్కడే రోడ్డు మీద కూలబడి ఒళ్ళోకి తీసుకుంది.

నేను జరిగింది చెప్పాను. గోవిందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏడుస్తదని మేడం. అది ఏడుస్తుంటే ఇడిసిపెట్టి పోనీకి కాళ్ళు రావు. అందుకే చెప్పకుండ పోయినం" అంది.

ఆమెకు బుద్ధి చెప్పడానికి నా నోరు లేవలేదు. ఎందుకు లేవలేదో ఇప్పుడు చెబుతాను.

మా ఇంట్లో ఒంటి చెప్పు

ప్రతి శనివారం నేను పెబ్బేరు మీదుగా వనపర్తి పోయేదాన్ని. సోమవారం తెల్లవారి బయలుదేరేదాన్ని. బాబు లేచి ఉంటే మా నాన్న వాణ్ణి చాక్లెట్టు కోసమని సందు చివర దుకాణానికి తీసుకుపోయేవాడు. నేను వెనక వాకిట్లోంచి జారుకునేదాన్ని. "రెండు నిమిషాలు ఏడుస్తడు, మరిచిపోతడు" అనేది మా అమ్మ. మేమందరం చదువుకున్నవాళ్ళమే.

వాడికి రెండు అలవాట్లు ఉండేవి. ఒకటి, చొక్కా కాలరు చప్పరిస్తూ కూర్చోవడం. ఏ చొక్కా చూసినా కాలరు మూల పీచులు పీచులుగా ఉండేది. రెండోది, ఆదివారం సాయంత్రం కాగానే నా చెప్పుల్లో ఒకదాన్ని దాచడం. ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది, ఒకసారి చిలక్కొయ్యకు వేలాడే మా నాన్న లాల్చీ జేబులో. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుకునేవాళ్ళం. వీడెంత అల్లరివాడో అని చుట్టాలకు చెప్పేదాన్ని.

జములమ్మను అప్పగించి గదికి వచ్చాక, బజ్జీల పొట్లం వాసన ఇంకా చేతికి ఉండగానే, నాకు ఆ చెప్పు గుర్తొచ్చింది. అది అల్లరి కాదు. నాలుగేళ్ళవాడికి చేతనైన కాపలా.

తర్వాతి సోమవారం నేను ముందు వాకిట్లోంచి, వాడు చూస్తుండగా బయలుదేరాను. "నేను ఇప్పుడు పోతున్న. శనివారం పొద్దుగూకే వరకు వస్త" అన్నాను. వాడు పెట్టిన కేకకు సందులో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. రెండో సోమవారం ఇంకా గట్టిగా పెట్టాడు. "మంచిగుండె గద ఇన్నాళ్ళు, ఏం పాడుబుద్ధి పుట్టింది నీకు?" అని మా అమ్మ నన్ను తిట్టింది. మూడో సోమవారం ఏడుపు గేటు దాకే వచ్చింది. కొన్ని వారాలయ్యాక ఒక సోమవారం, నేను సంచి సర్దుకోవడం ఆలస్యమైతే వాడే వచ్చి అన్నాడు: "అమ్మా, జల్ది పో, బస్సు పోతది."

నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, ఒప్పుకుంటాను.

గులాబీ సిరప్ నిజం

డాక్టరు శిక్షణ నుంచి వచ్చాక జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. పల్లీలు నా ముందుకు జరిపి అడిగాడు. "నాటకమని ఎట్ల అనుకున్నవు సుగుణమ్మా?"

"సిరప్ తాగంగనే తగ్గింది సార్."

"సిరప్‌కు తగ్గలేదు. పని ఆపుకొని దాన్ని పక్కన నిలబెట్టుకున్నవు గద, దానికి తగ్గింది. నొప్పి నిజమే. దవాఖానల ఉన్న మందుతోని పోదు, అంతే."

ఆ మాట నేను ఇన్నేళ్ళు మోసుకొచ్చాను. పిల్లలకు భయమైతే కడుపు నిజంగా నొస్తుంది. తల నిజంగా నొస్తుంది. వాళ్ళు అబద్ధం చెప్పరు, వాళ్ళ దగ్గర భయమనే మాట ఉండదు, కడుపు అనే మాట ఉంటుంది.

డాక్టరు గోవిందమ్మను, సత్తయ్య సారును పిలిపించి మాట్లాడాడు. పెద్ద వైద్యమేమీ చెప్పలేదు. పొద్దున ఏ చేలో ఉంటుందో తల్లి రోజూ పిల్లకు చెప్పాలి. అన్నం గంటలో ఒకసారి ఇంటికి పోయి చూసి రావడానికి సారు ఒప్పుకోవాలి. పుణె పోయేది ఉంటే పది రోజుల ముందే చెప్పాలి, పిల్ల కళ్ళముందే పోవాలి. సారుకు నచ్చలేదు. "ఒక్కదాన్ని ఇడిస్తే అందరూ పోతమంటరు సార్" అన్నాడు. కానీ విడిచాడు. మొదటి వారం జములమ్మ రోజూ ఉరికి పోయి ఉరికి వచ్చేది. తర్వాత తర్వాత అన్నం గంటలో కుంటాట మొదలైతే పోవడం మరిచిపోయేది. కడుపునొప్పి దానంతటదే పల్చబడింది.

పత్తి పని ముగిశాక తల్లిదండ్రులు పుణె పోయారు. పోకుండా ఎట్లా కుదురుతుంది? కానీ ఈసారి జములమ్మను కూడా గద్వాల బస్టాండుకు తెచ్చారు. నేనూ వెళ్ళాను. గోవిందమ్మ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. జములమ్మ కింద నిలబడి, ఎక్కడ కూర్చుందో, పక్కన ఎవరున్నారో, బస్సు టాపు మీద మూట ఉందో లేదో అన్నీ అడిగింది. ప్రతి ఐతారం ఊళ్ళో దుకాణం ఫోనుకు చేస్తానని తల్లి మూడుసార్లు చెప్పింది. బస్సు కదిలాక పిల్ల బాగా ఏడ్చింది, ఒకసారి కక్కుకుంది కూడా. అవ్వ మూతి తుడిచింది.

మర్నాడు తొమ్మిదిన్నరకు కిటికీలో రెండు చేతులు కనిపించాయి. ఈసారి లేచి ముందుకు వంగి ముఖం చూశాను.

"కడుపుల జర నొస్తుంది మేడం. ఆ ఎర్ర మందు ఇయ్యి."

ఇక అబద్ధం ఆడదలుచుకోలేదు. "జములమ్మా, ఆ మందుకు నీ నొప్పి పోదు. మీ అమ్మ పోయింది కాబట్టి నొస్తుంది. కొన్ని దినాలకు తగ్గుతది. ఆ మందు ఉత్త తీపి" అన్నాను.

చెయ్యి ముందుకు చాపింది. "అయితేంది, ఇయ్యి మేడం. తియ్యగ ఉంటది గద."

ఒక మూత ఇచ్చాను. తాగి, పెదవులు నాకి, బడికి పోయింది.

నా అతితెలివి, మీకు రెండు మాటలు

ఇదంతా అయ్యాక నేను మనసులు చదివే డాక్టరునైపోయాననుకున్నాను. ఎవరి పిల్ల మూతి ముడుచుకున్నా నాకు అందులో పెద్ద భయం కనిపించేది. ఒకసారి ఒక ఆడపిల్ల ఎంత అడిగినా మాట్లాడలేదు. వరుసను వదిలేసి, పక్కన కూర్చోబెట్టుకొని, అరగంట మెల్లమెల్లగా అడిగాను. బడిలో ఎవరైనా కొట్టారా, ఇంట్లో ఎవరైనా తిట్టారా, రాత్రి ఏమైనా కలలొస్తున్నాయా. మా ఆయా బాలమ్మ ఊడుస్తూ ఊడుస్తూ వచ్చి ఆ పిల్ల గడ్డం పట్టి నోరు తెరిపించింది. "మేడం, కలలు గిలలు గాదు, దౌడపన్ను పుచ్చింది సూడు!"

అందుకని మొదటి మాట: ముందు ఒళ్ళు చూడాలి. నులిపురుగులు, మూత్రంలో మంట, చెవిపోటు, పుచ్చుపన్ను, ఇవన్నీ పోయాకే మనసు సంగతి. రఘునాథ్ గారు ఎన్నడూ ఆ వరుస తప్పలేదు.

రెండో మాట: మీరు పేర్లు పెట్టకండి. మీ పని గమనించడం. మానేసిన పక్కతడుపు మళ్ళీ మొదలైందని తల్లి సిగ్గుపడుతూ చెబితే వినండి. ఊరికే ఊరికే మూత్రానికి పోయే పిల్లను, బల్ల కింద దాక్కునే పిల్లను, చీమ కుట్టినా చెయ్యెత్తే పిల్లవాణ్ణి, మాట్లాడుతూ తల వెంట్రుకలు పీక్కునేవాణ్ణి గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో "పిల్లలకు టెన్షనేంది?" అని నవ్విన అధికారులు నాకు ఇద్దరున్నారు. ఇద్దరూ తనిఖీ వస్తుందంటే పొద్దున్నుంచి నాలుగుసార్లు బాత్రూముకు పోయేవాళ్ళు. వారాలు గడిచినా తగ్గక, తిండీ నిద్రా బడీ మూడూ పాడవుతుంటే పిల్లల మనసు చూసే డాక్టరు దగ్గరికి పంపండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని ఇంట్లోవాళ్ళకు మీరే చెప్పాలి. ఆ మాట పెద్ద డాక్టరు చెబితే జడుసుకుంటారు, కిటికీలోంచి మీరు చెబితే వింటారు.

మంచి పిల్లవాడు

అందరికంటే కష్టంగా దొరికేది మంచి పిల్లలు. కొరకరు, ఏడవరు, బడి ఎగ్గొట్టరు. అలాంటివాడు ఒకడు వనపర్తిలో దొరికాడు. అప్పటికి నేను ఆ ఊరి దవాఖానకు మారి కొన్నేళ్ళయింది.

పదకొండేళ్ళుంటాయి, పేరు వినయ్. చేసేది బట్టల వ్యాపారం అని తండ్రి చెప్పాడు. ఆయన పేరు వెంకటయ్య. పిల్లవాడికి నెలకోసారి తలనొప్పి. కళ్ళ పరీక్ష అయింది, అద్దాలు అక్కర్లేదన్నారు. అక్కడి డాక్టరు రెండు రకాల గోలీలు రాసి పంపాడు.

పొట్లం కడుతుంటే పిల్లవాడు ఎంతో మర్యాదగా అడిగాడు. "మేడం, తినకముందా, తిన్నాకనా?" చెప్పాను. "ఒకవేళ మరిచిపోతే ఏమైతది?" చెప్పాను. రెండు నిమిషాలయ్యాక, "తిన్నాకనే గద మేడం?" మళ్ళీ చెప్పాను. "ముందు వేసుకుంటే ఏమన్న అయితదా?" ఆ మాట అడుగుతూ ప్యాంటుకు చేతులు తుడుచుకున్నాడు.

"చానా తెలివి మేడం మావోనికి. ప్రతిది పక్కాగ అడుగుతడు. క్లాసుల ఫస్టు" అన్నాడు వెంకటయ్య.

నేను బయటికి వచ్చి వాళ్ళ పక్కన బల్ల మీద కూర్చున్నాను. "వినయ్, తల ఎప్పుడు నొయ్యదు?"

"కల్వకుర్తి కాడ మా అమ్మమ్మ ఊర్ల నొయ్యదు మేడం. పల్లికాయ పీకనీకి పోతం." ముఖం విచ్చుకుంది.

"ఎప్పుడు నొస్తది?"

తండ్రి వైపు చూశాడు. చాలా మెల్లగా అన్నాడు. "పరీక్ష ముందటి దినం."

"భయమా?"

వాడు చెప్పేలోపే తండ్రి అందుకున్నాడు. "వానికి భయమేంది మేడం? మీరు లేనిది పెట్టకండి పోరని మనసుల. ఎన్నడన్న సెకండ్ వస్తే గద భయం." గొంతు పెరిగింది. బల్ల మీదివాళ్ళు ఇటు తిరిగారు. ఇక పొట్లం తీసుకొని లేచి పోతాడనుకున్నాను.

"ఫస్టు వచ్చేటోళ్ళకు కూడ ఉంటదన్నా. ఫస్టు పోతే పోయేది వాళ్ళకే ఎక్కువ గద" అన్నాను.

వెంకటయ్య లేవలేదు. మెడ మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. పిల్లవాడి వైపు చూడకుండా, ఎదురు గోడ చూస్తూ అన్నాడు.

"పదో తరగతి పరీక్షకు మా నాయన నన్ను సైకిల్ మీద కూసోబెట్టుకొని తోల్కపోయిండు మేడం. గేటు కాడ కక్కుకున్న. అంగి మీద గూడ పడ్డది. ఎండకు అయిందని చెప్పిన మా నాయనకు. పొద్దుగాల ఎనిమిదింటికి ఎండేంది? ఇప్పటిదాంక ఎవ్వరికి చెప్పలే, ఇంట్ల మా ఆడమనిషికి గూడ తెల్వదు."

వినయ్ నోరు తెరుచుకొని తండ్రిని చూశాడు. ఆ పిల్లవాడి ముఖంలో అప్పటిదాకా లేనిదేదో మొదలైంది. బుగ్గలు బిగబట్టుకున్నాడు, ఆగలేదు.

"నువ్వు కక్కినవా నాయనా?"

"కక్కిన."

"అంగి మీద?"

"అంగి మీదనేరా. నవ్వకు."

వాడు నవ్వాడు. ఇందాకటి మర్యాద ఎక్కడా లేని నవ్వు, బల్ల అదిరేలా. వెంకటయ్య కోపంగా చూడబోయి తానూ నవ్వేశాడు. ఇద్దరూ లేచి వరండా వెంట నడిచారు. పిల్లవాడు తండ్రి చెయ్యి పట్టుకొని ఊపుతూ ఒకటే ప్రశ్నలు. "అదే అంగితోని పరీక్ష రాసినవా? పక్కోడు ఏమన్నడు? సార్ ఏమన్నడు? తాత కొట్టిండా?"

నేను గోలీల పొట్లం పట్టుకొని "వెంకటయ్యన్నా, మందులు!" అని పిలిచాను. వాళ్ళకు వినిపించలేదు.